మా గల్లీ పిండి గిర్ని: మూడేండ్ల సంది పోతున్న, నా రివ్యూ

ఈ ఆదివారం పొద్దుగాల గిర్నికి పోయి 6 కిలోల జొన్నలు, 2 కిలోల గోధుమలు, కిలో రాగులు, ఇంక దోశ పిండి కోసం కలిపి పెట్టిన సరుకు 2 కిలోలు పట్టించుకొచ్చిన, మొత్తం 11 కిలోలు. పోయొచ్చుడు, లైన్ల నిలబడుడు అన్ని కలిపి గంటా పావు పట్టింది, 92 రూపాయలు అయినయి. ఆ గంటా పావు నాకు పదిహేను రోజుల పొద్దుగాల వంటను ఎంత అల్కగ చేస్తదో చెప్తె మా స్కూల్ల తోటి టీచర్లే నమ్మలే, ఆఖరుకి ఇద్దరు నా ఎంబడి వచ్చి చూసి ఇప్పుడు వాళ్లు గూడ ఇక్కడికే వస్తున్నరు. అందుకే అన్ని వివరంగ రాస్తున్న, మహబూబ్‌నగర్లనే కాదు ఏ ఊర్ల ఉన్నోళ్లకైనా తమ దగ్గరున్న గిర్నిని ఎట్ల వాడుకోవాలెనో పనికొస్తదని.

మేముండేది మెట్టుగడ్డ దిక్కు. ఇంట్ల అయిదుగురం, నేను, మా ఆయన, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. పెద్దది ఆరో తరగతి, చిన్నోడు రెండో తరగతి. నేను ప్రైవేట్ స్కూల్ల పని చేస్త, 8:15కు ఇంట్ల నుంచి కాలు బయట పెట్టాలె. అప్పటి లోపల టిఫిన్, రెండు లంచ్ బాక్సులు, అత్తమ్మకు షుగర్ కాబట్టి ఆమెకు వేరే, ఇవన్ని కావాలె. పోయిన మూడేండ్ల కింద వరకు ప్యాకెట్ పిండ్లే తెచ్చుకునేది, టైం లేదు గదా అని. టైం లేనోళ్లకే గిర్ని ఎక్కువ పనికొస్తదని నాకు తర్వాత తెలిసింది.

గిర్ని గురించి ముందుగాల చెప్త. చిన్న షెడ్డు, లోపట రెండు మిషన్లు. ఒకటి రాళ్ల గిర్ని, జొన్నలు గోధుమలు బియ్యం పప్పులు దాంట్ల పడ్తరు. ఇంకోటి కారం మిషన్, అది గోడ అవతల వేరే రూంల పెట్టిండ్రు, అది నాకు మస్తు నచ్చిన విషయం, ఎందుకంటే చానా గిర్నిలల్ల రెండు పక్కపక్కనే ఉంటయి, ఒకరు కారం పట్టిస్తుంటే మిగిలిన అందరు తుమ్ముకుంట నిలబడాలె, పిల్లలైతే కండ్లు నలుపుకుంట ఏడుస్తరు. ఇక్కడ నడిపేది ఒక పెద్దాయన, నేను పెద్దనాయిన అంట, ఆయన భార్య పెద్దమ్మ కారం మిషన్ చూసుకుంటది, పైసలు గూడ ఆమెనే తీసుకుంటది. ఆయన నన్ను బిడ్డా అనే పిలుస్తడు, నన్నే కాదు అక్కడికొచ్చే ఆడోళ్లందరిని.

ఈయన దగ్గర నాకు నచ్చింది ఏందంటే అడుగుతడు. సంచి దించంగనే "రొట్టెకా, గట్కకా, సంగటికా" అంటడు. జొన్నలు అని చెప్తె సరిపోదు ఆయనకు, దేనికి వాడ్తరో చెప్పాలె. రొట్టెకైతే మెత్తగ పడ్తడు, గట్కకైతే రాళ్ల మధ్య సందు జర పెంచి రవ్వ లెక్క పడ్తడు, తప్పాలచెక్కకు బియ్యం పిండి అంటే నడిమిట్ల, మరీ మెత్తగ కాకుండ జర బరక ఉండేటట్టు. తప్పాలచెక్క పిండి మరీ మెత్తగైతే గిన్నెకు అతుక్కపోయి లోపట పచ్చిగ ఉంటది, ఇది చేసేటోళ్లకు తెలుసు. ప్యాకెట్ల అన్నిటికి ఒకటే పిండి, మనకు ఏది కావాల్నో అడిగేటోడు ఉండడు.

ఇగ రెండో విషయం, చానా ముఖ్యమైంది, నాకంటే ముందు ఎవరిది పట్టిండ్రు అనేది. మిషన్ల ముందటోళ్ల పిండి కొంత మిగిలే ఉంటది, రాళ్ల సందుల, కింద పిండి పడే ఆ పొడుగు గుడ్డ గొట్టంల. ముందు ఎవరన్న శనగలు పట్టించి ఉంటే మన జొన్న పిండి మొదటి పావు కిలోల శనగ పిండి కలుస్తది, రొట్టె అతుక్కుంటది, రుచి మారుతది. పెద్దనాయిన అయితే గుడ్డ గొట్టం దులిపి, ఒక గుప్పెడు నూకలు పోసి తిప్పి ఆ పిండి పక్కకు తీసి (అది బర్ల కుడితికి పోతది) అప్పుడు మనది పోస్తడు. చెప్పకుండనే చేస్తడు. మీ దగ్గర గిర్నిల చెయ్యకుంటే మీరే అడగాలె, మొహమాటపడొద్దు. ఒక్కపొద్దులు ఉండేటోళ్లు, చిన్న పిల్లలకు ఉగ్గు పిండి పట్టించేటోళ్లు, గోధుమ పడని వాళ్లు ఇంట్ల ఉన్నోళ్లు అయితే తప్పకుండ అడగాలె. నేనైతే నా సంచులల్ల గూడ వరుస పెట్టుకుంట, ముందు రాగులు, తర్వాత జొన్నలు, తర్వాత దోశ సరుకు, గోధుమలు ఆఖరికి. గోధుమలు ముందు పోస్తె వాటి పిండి జొన్నలల్లకు వస్తది, అత్తమ్మ రొట్టెల గోధుమ ఉండొద్దని నా పట్టుదల.

జొన్నల సంగతికొస్తె, మాకు జొన్నలు అమ్మగారింటి నుంచే వస్తయి, దేవరకద్ర అవతల పల్లె. యాసంగి జొన్నలు, తెల్లటివి, గింజ జర పెద్దగ ఉంటది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక నేను నెలకోసారి అమ్మను చూసి వస్తున్న, అంతకు ముందు మూడు నెలలకోసారి గూడ పోకపోతుండె, పిల్లలను తీసుకొని పోయొచ్చుడంటే ఖర్చు గదా. ఇప్పుడు ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంట, వచ్చేటప్పుడు పది పన్నెండు కిలోల జొన్నల సంచి, ఇన్ని పల్లీలు, కందులు తెచ్చుకుంట. అమ్మ పైసలు తీసుకోదు గని నేనే ఆమె దిండు కింద పెట్టి వస్త, మార్కెట్ల 42 ఉంటే 40 లెక్కన. బయట కొనుక్కునేటోళ్లు గింజ చూసి కొనాలె, నోట్ల వేసుకుని కొరికితే టక్కుమనాలె, మెత్తగ నలిగితే అది సరిగ్గ ఎండలే అన్నట్టు, అట్లాంటి గింజ రాళ్లకు అంటుకుంటది, పిండి గూడ తొందరగ పురుగు పడ్తది.

లెక్క చెప్త చూడండి. కిలో జొన్నలు 40, పట్టినందుకు 8, మొత్తం 48. మా దగ్గర సూపర్ మార్కెట్ల జొన్న పిండి ప్యాకెట్ కిలో 75 నుంచి 80 పడ్తున్నది. మాకు వారంల అయిదు రాత్రులు రొట్టెలే, రోజుకు 8 రొట్టెలంటే 600 గ్రాముల పిండి, నెలకు 12 కిలోలు పడ్తది. కిలోకు 27 మిగిలిన 12 కిలోలకు 300 పైన. ఇది ఒక్క జొన్నలకే. గోధుమలకు మాత్రం నేను అబద్ధం చెప్ప, పెద్దగ మిగలదు. మంచి గోధుమలు 40 దాక ఉన్నయి, పట్టేందుకు 7, ప్యాకెట్ గూడ ఆఫర్ల దగ్గర దగ్గర అంతకే వస్తది. రుచి కోసం, పొట్టు పోకుండ ఉంటదని పట్టిస్త తప్ప పైసల కోసమైతే గోధుమలకు గిర్ని దాక పోనక్కర్లే.

పైసల కంటే పెద్ద తేడా రొట్టె కొట్టేటప్పుడు తెలుస్తది. జొన్నలల్ల గోధుమల లెక్క సాగే జిగట ఉండదు, అందుకే ఎసరు నీళ్లు పోసి కలుపుతం. పిండి తాజాగ ఉంటేనే ఆ వేడి నీళ్లకు మంచిగ ముద్ద అవుతది, పాతదైతే ఎంత పిసికినా అంచులు పగుల్తయి, పెంక మీద వేసేటప్పుడు చేతులనే విరుగుతది. నేను ప్యాకెట్ పిండితోని కొట్టిన రోజులల్ల నాకు రొట్టె రాదు, అమ్మ చెయ్యి నాకు రాలే అనుకునేదాన్ని. రాత్రి 8 గంటలకు అలసిపోయి వచ్చి రొట్టె విరిగితే ఎంత బాధ అనిపిస్తదో చేసేటోళ్లకే తెలుసు. పట్టించిన పిండి తెచ్చిన మొదటి రోజే రొట్టె పొంగింది, పెంక మీద పూరీ లెక్క. మా అత్తమ్మ వచ్చి నిలబడి చూసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త, నేను మొదటిసారి తప్పు చేసిన. గిర్ని నుంచి పిండి వేడిగ వస్తది, రాళ్ల రాపిడికి. తెచ్చినదాన్ని తెచ్చినట్టే స్టీల్ డబ్బల పోసి మూత బిగించిన. లోపట ఆవిరి పట్టి మూతకు చెమటలు, పైన పిండి గడ్డలు కట్టింది, పది రోజులకే జాలె పట్టి పురుగు వచ్చింది, 4 కిలోలు పారపోసిన. ఆ సంది ఏంది చేస్తున్ననంటే ఇంటికి రాంగనే పాత కాటన్ చీర పరిచి పిండి పల్చగ ఆరబోస్త, ఫ్యాన్ వెయ్యొద్దు పిండి లేస్తది, రెండు గంటలు ఆగి చేతికి చల్లగ తాకినంక డబ్బల పోస్త. డబ్బ ముందు రోజే కడిగి ఎండల పెట్టి ఉంచుకోవాలె, తడి ఉండొద్దు. పాత పిండి అడుగున ఉంచి పైన కొత్తది పోసుడు అస్సలు వద్దు, పాతదాంట్ల ఉన్న పురుగు గుడ్లు కొత్తదానికి వస్తయి. ఎండిన వేపాకు రెండు రెమ్మలు గుడ్డల కట్టి పెడ్త.

సజ్జల విషయంల మాత్రం వేరే లెక్క. సజ్జల్ల నూనె గుణం ఎక్కువ, పిండి చేసినంక తొందరగ చేదెక్కుతది. అందుకే చలికాలంలనే, అది గూడ కిలో మాత్రమే పట్టిస్త, వారం లోపల అయిపోవాలె, మిగిలితే ఫ్రిజ్ల పెడ్త. సజ్జ పిండి ప్యాకెట్ కొంటే దాని మీద తారీఖు చూడకుండ కొనొద్దు. సజ్జ రొట్టెలు వేడివేడిగ బెల్లం, నెయ్యి వేసి నలిపి మలీద చేస్తె మా పిల్లలు స్నాక్ లెక్క తింటరు, సాయంత్రం బేకరీ కాడ ఆగే పని ఉండదు.

ఇప్పుడు నాకు పొద్దుగాల నిజంగ ప్రాణం నిలబెట్టేది దోశ పిండి. ఇది మా గిర్ని పెద్దమ్మనే చెప్పింది. మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు మినపపప్పు, రెండు చెంచాల మెంతులు, ఒక గుప్పెడు అటుకులు. బియ్యం, పప్పు కడగొద్దు, తడి గుడ్డతోని తుడిచి ఎండల ఆరబెట్టి అన్ని కలిపి పట్టించాలె. రాత్రి పండుకునే ముందు గిన్నెల కావలసినంత పిండి, నీళ్లు, ఉప్పు, ఒక చెంచా పెరుగు వేసి కలిపి పెట్టుడే, పొద్దున వరకు పులుస్తది. నానబెట్టుడు లేదు, గ్రైండర్ కడుగుడు లేదు, కరెంటు పోయిందన్న రంది లేదు. చలికాలం జర తక్కువ పులుస్తది, అప్పుడు గోరువెచ్చటి నీళ్లతో కలిపి పొయ్యి పక్కన పెడ్త. రుబ్బిన పిండి దోశంత మెత్తగ వస్తదా అంటే రాదు, జర కరకరగ వస్తది, మా పిల్లలకు అదే ఇష్టం. ఇడ్లీకి ఇది పనికిరాదు, నేను చేసి చూసిన, గట్టిగ అయినయి.

ఇంతకు ముందు రేషన్ల దొడ్డు బియ్యం వచ్చేటివి, తినకపోదుము గని ఈ దోశలకు, పిండి వంటలకు అవే బాగుండె, పైసా ఖర్చు లేకుండ. 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నరు, మనిషికి 6 కిలోలు, అవి మేము అన్నానికే వాడుతున్నం, బయట బియ్యం బస్తా కొనుడు తగ్గింది, అది మాకు పెద్ద ఆసరా. దోశలకు ఇప్పుడు నూకలు కొంట, నూకలు తక్కువకే దొరుకుతయి, ఎట్లాగు పిండి చేసేదే గదా.

రాగులు పిల్లల కోసం. 100 గ్రాముల రాగుల్ల 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటది, ధాన్యాలల్ల ఇంతుండేది ఇంకోటి లేదు. నేను మొలకలు కట్టి చేస్త, శుక్రవారం రాత్రి నానబెట్టి, శనివారం పొద్దున నీళ్లు వంచి తడి గుడ్డల మూట కట్టి పెడ్తె ఆదివారం వరకు తెల్లటి మొలకలు వస్తయి, వాటిని నీడకు ఆరబెట్టి, గలగలలాడినంక సన్న మంట మీద వాసన వచ్చేదాక వేయించి, చల్లారినంక సంచిల కట్టి పెడ్త, వచ్చే ఆదివారం గిర్నికి. మొలకలు సరిగ్గ ఆరకుంటే పెద్దనాయిన పట్టడు, వాపస్ పంపిస్తడు, తడి గింజ రాళ్లకు పేస్ట్ లెక్క అంటుకుంటదట. ఒకసారి నన్ను అట్లనే వాపస్ పంపిండు, కోపం వచ్చింది గని ఆయన చెప్పిందే నిజం. బడికి పోయే పిల్లలకు రెండు చెంచాల పిండి చల్ల నీళ్లల్ల ఉండలు లేకుండ కలిపి, మరిగే నీళ్లల్ల పోసి అయిదు నిమిషాలు తిప్పితే జావ, బెల్లం చిన్నోడికి, మజ్జిగ ఉప్పు పెద్దదానికి. డబ్బాల దొరికే పాల పొడులకు నెలకు 400, 500 పెట్టేదాన్ని, రెండేండ్ల సంది తేలే.

ఇగ కారం. ఇది ఏడాదికి ఒకసారి చేసే పని, శివరాత్రి దాటినంక ఉగాది లోపల, ఎండలు ముదురుతయి, కొత్త మిరపకాయలు మార్కెట్ల నిండుగ ఉంటయి. మాకు ఏడాదికి 3 కిలోల కారం సరిపోతది, దానికి తొడిమలు పోను లెక్క కట్టి మూడున్నర కిలోల కాయలు కొంట. ఒట్టి ఘాటు కాయలు కొంటే పిల్లలు తినలేరు, రంగు కాయలు మాత్రమే కొంటే కూర చప్పగ ఉంటది, అందుకే రెండు పాళ్లు రంగు కాయ, ఒక పాలు ఘాటు కాయ కలుపుత. రెండు మూడు రోజులు మిద్దె మీద ఎండబెట్టి, తొడిమలు తీసి, గిర్నికి పోయే రోజు పొద్దుగాల గూడ ఒక గంట ఎండకు పెట్టి తీసుకపోవాలె, పిడికిట్ల పట్టి నొక్కితే పెళపెళ విరగాలె. తొడిమలు తీసేటప్పుడు చేతులకు కొబ్బరినూనె పూసుకుంటే మంట తక్కువ. పెద్దమ్మ కారానికి కిలోకు 35 తీసుకుంటది, ధనియాలు వేయించి ఇస్తె 25. పట్టినంక ఇంట్ల దొడ్డు ఉప్పు వేయించి పొడి చేసి కలిపి, జాడిల నొక్కి నింపి, వెలుగు పడని అర్రల పెడ్త. వెలుగుకు పెడ్తె ఎర్ర రంగు పోతది. ఆర్నెల్లకు సరిపోయేది విడిగ కవర్ల కట్టి ఫ్రిజ్ల పెట్టుకుంటే రంగు ఇంకా నిలబడ్తది. ప్యాకెట్ కారంతోని లెక్క కడితే కిలోకు నూరు రూపాయల పైనే తక్కువ పడ్తది, కల్తీ ఉందేమో అన్న భయం లేదు, పిల్లలకు పెట్టే కూర గదా.

పసుపు కొమ్ములు గూడ పడ్తరు గని అవి మస్తు గట్టిగ ఉంటయి, ఇంట్లనే రోట్లనో బండ మీదనో పగలగొట్టి ఇస్తెనే తీసుకుంటరు, అది గూడ కారం సీజన్ అయినంక ఒకట్రెండు రోజులే. నాకు అంత ఓపిక లేక పసుపు మాత్రం కొంటున్న.

ఇప్పుడు నచ్చనివి గూడ చెప్పాలె. ఒకటి, కూసోనీకి జాగ లేదు. ఒకటే బల్ల, దాని మీద ఎప్పుడు సంచులే. ముసలోళ్లు, కడుపుతోని ఉన్నోళ్లు నిలబడలేరు. పెద్దనాయినకు రెండుసార్లు చెప్పిన, చూస్త బిడ్డా అన్నడు, ఇప్పటికైతే రాలే. రెండు, కరెంటు పోతే అంతే, జనరేటర్ లేదు, సగం పట్టినంక పోతే సంచి అక్కడనే పెట్టి రావాలె, అయితే పేరు రాసి తాడు కట్టి పెడ్తడు, ఇప్పటిదాక ఒక్కసారి గూడ మారలే, తక్కువ కాలే. మూడు, పిండి ధూళి. మా చిన్నోనికి ఆయాసం వస్తది కాబట్టి వాన్ని లోపలికి తీసుకపోను, నేను గూడ మాస్క్ పెట్టుకుంట. బెల్టు తిరిగే దిక్కు పిల్లలను పోనియ్యొద్దు, చున్నీ, కొంగు చెక్కుకొని నిలబడాలె, పెద్దనాయిన అడ్డం జాలి పెట్టిండు గని ఒక దిక్కు ఇంకా తెరిచే ఉంది, అది గూడ మూస్తె బాగుంటది, ఇది నేను గట్టిగనే చెప్తున్న. నాలుగు, తూకం. 6 కిలోలు ఇస్తె 5 కిలోల 900 వస్తది, ధూళి, తేమ పోతయి గదా, నేను ఇంట్ల స్ప్రింగ్ కాంటతోని రెండుసార్లు చూసిన, 100 గ్రాములు దాటలే కాబట్టి నాకు అనుమానం లేదు.

సంక్రాంతికి మాత్రం ఇక్కడ కాదు ఎక్కడైనా కష్టమే. సకినాలకు, అరిసెలకు నానబెట్టిన బియ్యం తడి పిండి పట్టాలె, అందరు ఒక్క రోజే వస్తరు, లైను రోడ్డు దాక. రెండేండ్ల కింద ఈ లైను చూసి భయపడి నేను వేరే గల్లీల ఇంకో గిర్నికి పోయిన, అక్కడ జనం లేరు, ఎందుకు లేరో ఆలోచించలే. వాళ్లు రాళ్లకు కొత్తగ గంట్లు కొట్టించిండ్రట (అంటే అరిగిన రాళ్లను ఉలితోని మళ్ల గరుకు చేపిచ్చుడు), కొట్టించినంక కొంత గింజ పోసి తిప్పి ఆ పిండి పారపొయ్యాలె, వాళ్లు అది చెయ్యకుండనే నా 3 కిలోల బియ్యం పోసిండ్రు. ఇంటికొచ్చి అత్తమ్మ, నేను రాత్రి 11 దాక కూసొని సకినాలు చుట్టినం, కాల్చినం, నోట్ల పెట్టుకుంటే ఇసుక. పిండి, నువ్వులు, వాము, నూనె అన్ని పోయినయి, అంతకంటే మా అత్తమ్మ నడుము నొప్పితోని కూసొని చేసిన కష్టం పోయింది, ఆమె ఏమన్లే గని నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అందుకే చెప్తున్న, కొత్త గిర్నికి పోతే ముందు అడగండి రాళ్లకు గంట్లు ఎప్పుడు కొట్టించిండ్రని, ముందటోళ్ల పిండి చిటికెడు తీసి పంటి కింద పెట్టి చూడండి. కరకర తగిలితే వాపస్ రండి, ఎంత తొందరున్నా సరే.

మా పెద్దనాయిన అయితే గంట్లు కొట్టించిన రోజు బోర్డు పెడ్తడు, ఆ రోజు పిండి పట్టేది లేదని. పొద్దంత తన గింజలే పోసుకొని తిప్పుకుంటడు. గిరాకి పోతదని గూడ చూడడు.

పండుగ లైను తప్పించుకునేందుకు నేను ఇప్పుడు చేస్తున్నది ఏందంటే మురుకులకు, బియ్యప్పిండి గారెలకు పొడి పిండి కాబట్టి పది రోజుల ముందే పట్టించి పెడ్త, తడి పిండి ఒక్కటే పండుగ ముందు. తడి పిండికి గూడ పొద్దుగాల షటర్ తీసేటప్పటికే ఉంట, బియ్యం రాత్రి నానబెట్టి తెల్లారుజామున వంచి బట్ట మీద అరగంట ఆరబెట్టి తీసుకపోత. బతుకమ్మకు సత్తు పిండ్లు, నువ్వులది మాత్రం గిర్నిల పట్టరు, నూనె వస్తది, పల్లీలది గూడ అంతే, అవి ఇంట్ల మిక్సీల ఆపి ఆపి తిప్పుకోవాల్సిందే. పెసరవి పడ్తరు.

ఇంకోటి, పని చేసే ఆడోళ్లకు నా తరఫున గట్టిగ చెప్పేది కడక్ రొట్టెలు. నారాయణపేట దిక్కు, కర్ణాటక బార్డర్ ఊర్లల్ల ఎక్కువ చేస్తరు, జొన్న రొట్టెనే కాగితమంత పల్చగ చేసి, కాల్చినంక మళ్లీ సన్న మంట మీద పెళుసుగ అయ్యేదాక ఉంచుతరు. వారం పది రోజులు ఆగుతయి. తాజా పిండి అయితేనే అంత పల్చగ వస్తయి. నేను నెలకు రెండు ఆదివారాలు గిర్ని నుంచి వచ్చినంక ఒక 20 చేసి డబ్బల పెడ్త. పేరెంట్స్ మీటింగ్ అయి లేటయిన రోజు, ఒంట్ల బాలేని రోజు, పప్పు ఒక్కటి ఉడికిస్తె చాలు, లేకుంటే పల్లి తొక్కు, ఉల్లిగడ్డ, పెరుగు. పప్పుల ముంచుకొని తింటే మెత్తగ అవుతయి, అత్తమ్మ పండ్లకు గూడ ఇబ్బంది ఉండదు. ఆ రోజులల్ల ఇంతకు ముందు బయట నుంచి తెప్పిస్తుంటిమి, ఒక్కసారికి 350, 400 పోయేది.

నా మార్కులు అయిదుకు నాలుగున్నర. ఆ అర ఎందుకు తీసిన అంటే ఆ బెల్టు జాలి కోసం, కూసొనే బల్ల కోసం. ఆ రెండు అయితే అయిదుకు అయిదు ఇస్త, మొదలు జాలి.

టైమింగ్స్: పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 1:30, మళ్లీ సాయంత్రం 4 నుంచి 8. ఆదివారం మధ్యాహ్నం నుంచి బంద్. కారం పొద్దుగాల మాత్రమే, 12 తర్వాత తీసుకోరు. ఫోన్ పే స్కానర్ ఉంది, అయినా చిల్లర తీసుకపోండి, పెద్దమ్మకు ఫోన్ల పైసలు వచ్చినయా లేదా చూసుకోనీకి టైం పడ్తది, వెనక లైను ఆగుతది. గుడ్డ సంచి రెండు తీసుకపోండి, గింజ తెచ్చిన సంచిలనే పిండి పోయించుకోవద్దు, అడుగున మట్టి ఉంటది. జొన్నలు ముందు రోజే చాటల చెరిగి, రాళ్లు, పొల్లు తీసి పెట్టుకోండి, ఆయన చేత పట్టుకొని చూస్తడు, మట్టి ఉంటే పక్కకు పెట్టి చెరుక్కొని రా బిడ్డా అంటడు, అప్పుడు మీ లైను పోతది. ఆదివారం పోయెటోళ్లు 9:30 లోపల పోండి, తర్వాత హోటలోళ్ల బస్తాలు దిగుతయి.